పన్ను కోసం కూతురైన సుమియె

కురిహారా వారింటి కోడలు సుమియె యాభై దాటాక అదే ఇంటికి కూతురైంది. ప్రేమ పొంగిపొర్లి జరిగిన ముచ్చట అనుకునేరు, అదేం కాదు. పన్ను తగ్గించుకోవడానికి చేసిన పని. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, సుమియె దగ్గర అసలే దాచలేదు.

నెరిమాలో వాళ్ళ పొలం ఇప్పటికీ ఉంది. మూడు వైపులా అపార్టుమెంట్లు, నాలుగో వైపు బస్సుల రోడ్డు, మధ్యలో క్యాబేజీ, ముల్లంగి. వసంతంలో గాలి లేచిందంటే ఆరో అంతస్తు ఆవిడ ఆరేసిన దుప్పట్ల మీద ఈ పొలం మట్టే ఉంటుంది. ఆవిడ కిందికి దిగొచ్చి నాలుగు మాటలు అంటుంది. సుమియె నడుము వంచి దణ్ణం పెట్టి, రెండు క్యాబేజీలు చేతిలో పెడుతుంది. రోడ్డు వారగా డబ్బాల అల్మరా ఒకటుంది. నాణెం వేస్తే తలుపు తెరుచుకుంటుంది, లోపలి కూరగాయ తీసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. బేరం లేదు, మాటా లేదు. సుమియెకి అది బాగా నచ్చిన అమ్మకం.

ఆమెది నీగాతా వైపు మంచుపల్లె. సంబంధం చూసి చేసిన పెళ్ళి. భర్త కెన్‌సాకు నెమ్మదస్తుడు, అత్తగారు గయ్యాళి, మామగారు తొకుజో ఉలకడు, పలకడు. పిల్లలు కలగలేదు. అత్తగారు పోయింది. కొన్నాళ్ళకి కెన్‌సాకు ఒక పొద్దున పాలకూర కట్టలు కడుతూ కడుతూ పక్కకి ఒరిగిపోయాడు, గుండె ఆగిపోయింది. అప్పటికి సుమియెకి నలభై నాలుగు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని ఎవరూ గట్టిగా అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మర్నాడు నారుమళ్ళకి నీళ్ళు పెట్టాలి, పెట్టింది. అంతే. మామా కోడలూ ఒకే పొలంలో రెండు చివర్ల నుంచి కలుపు తీసుకుంటూ మధ్యలో కలిసేవాళ్ళు. "తేమ ఉందా?" అని ఆయన, "ఉంది మామయ్యగారూ" అని ఆమె. రోజుకి సరిపడా మాటలు అవే.

అలా సాగిపోతుంటే సర్కారువారు వారసత్వపు పన్ను సవరించారు. అంతకు ముందు మనిషి పోతే ఆస్తిలో ఐదు కోట్ల యెన్‌ల వరకూ, ఆపైన వారసుల తలకో కోటి చొప్పున పన్ను లేకుండా వదిలేసేవారు. దాన్ని మూడు కోట్లకి, తలకి అరవై లక్షలకి దించేశారు. నెరిమా రైతులకి గుండెల్లో రాయి పడింది. చేతిలో చిల్లర ఉండదు గానీ కాళ్ళ కింద నేల కోట్లు చేస్తుంది, వాళ్ళ ఖర్మ అది. సహకార సంఘం హాల్లో సభ పెట్టారు. 'ముందుచూపుతో పన్ను తగ్గించుకోవడం ఎలా' అని గోడమీద కాగితం. ఊళ్ళో ముసలివాళ్ళందరూ నోట్లో కట్టుడు పళ్ళు సరిచేసుకుంటూ కూర్చుని, తాము చచ్చాక ఏమవుతుందో శ్రద్ధగా విన్నారు.

ఆ సభలోనే తొకుజోకి అజుమా దొరికాడు. పన్ను లెక్కలు చూసే మనిషి కాబట్టి అందరికీ మాస్టారు. 'మీరు పోయాక' అనే మాటని 'మీరు భోంచేశాక' అన్నంత తేలిగ్గా అనేవాడు. వారం తిరక్కుండా నల్లసంచీ పట్టుకుని ఇంటికొచ్చాడు. సుమియె టీ పోసి, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు పెట్టింది.

"తొకుజో గారూ, మీరు రేపు పోయారనుకోండి..." అన్నాడు అజుమా.

"రేపు కుదరదు, క్యాబేజీ కోత ఉంది."

"సరే, ఎల్లుండే పోయారనుకోండి. మీకు వారసురాలు ఒక్కరే, మీ అమ్మాయి మసాయో గారు. ఆవిడ రైతు కాదు. పది నెలల్లో పన్నంతా రొక్కంగా కట్టాలి. అంత రొక్కం ఎక్కణ్ణుంచొస్తుంది? పొలం అమ్మాల్సిందే."

"సుమియె ఉందిగా, తను చేసుకుంటుంది."

"సుమియె గారు మీకేమీ కారండీ."

కెటిల్ పట్టుకున్న సుమియె చెయ్యి ఆగింది. అజుమా గతుక్కుమని, "చట్టం లెక్కలో అంటున్నాను" అని సర్దుకున్నాడు. "కోడలికి మామగారి ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. అదే మీరు ఆవిణ్ణి దత్తత తీసుకున్నారనుకోండి, కథే మారిపోతుంది. వారసుల తల ఒకటి పెరుగుతుంది, అరవై లక్షలు మినహాయింపు. ఆస్తి రెండు వాటాలవుతుంది, పన్ను శాతం దిగుతుంది. అసలు మజా మూడోది. ఆవిడ రైతు. రైతు వారసురాలికి పొలం వెళ్తే దాని మీద పన్ను అడగరు, వాయిదా వేస్తారు. ఆవిడ బతికున్నంతకాలం సాగు చేస్తే చివరికి మాఫీ."

"మధ్యలో మానేస్తే?"

"వడ్డీతో సహా ఒక్కసారే కట్టాలి. కాబట్టి మానెయ్యకూడదు."

"దానికేం, ఎటూ మానేది కాదు" అన్నాడు తొకుజో. అని, కోడలి వైపు తిరిగి, "ఏమంటావు?" అన్నాడు.

"మీ ఇష్టం మామయ్యగారూ."

ఆ మాట అనేసి ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. అవి కడుగుతూ ఉంటే కళ్ళు మండాయి. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో వండి, కడిగి, దున్ని, చివరికి తను ఏమీ కాదట. ఇప్పుడు అరవై లక్షల మినహాయింపు అవుతుందట. ఆమెకి ఆస్తి మీద ఆశ లేదని కాదు, పొలం పోతే ఎక్కడికి పోవాలో ఆమెకీ తెలియదు. కానీ ఆ క్షణంలో కావలసింది పొలం కాదు. 'పన్ను సంగతి పన్నుదే, నువ్వు నా కూతురివే' అని ముసలాయన ఒక్క ముక్క అంటాడేమోనని చెవి అటే వేసి ఉంచింది. ఆయన అజుమాతో ఎరువుల ధర మాట్లాడుతున్నాడు.

దత్తతకి పెద్ద తతంగం లేదు. ఒక దరఖాస్తు, సంతకానికి బదులు ఇద్దరు సాక్షుల ముద్రలు. వార్డు ఆఫీసు కుర్రాడు దరఖాస్తు ఇటు తిప్పి అటు తిప్పి, "అయితే పోయిన కెన్‌సాకు గారు మీకు భర్తా, అన్నయ్యా?" అని అడిగాడు. "రెండూనూ" అంది సుమియె. కుర్రాడు నవ్వాపుకోలేక తల కిందికి దించేశాడు. తొకుజో బయటికొచ్చాక బస్సు కోసం నిలబడి, "నూడుల్స్ తిందామా?" అన్నాడు. ఇద్దరూ స్టేషను పక్కన నిలబడి తినే కొట్లో తిన్నారు. ఆయన తన గిన్నెలోంచి రొయ్య వడ తీసి ఆమె గిన్నెలో వేశాడు. ఆయనకి పళ్ళు బాగాలేవు కాబోలు అనుకుంది సుమియె.

మసాయోకి ఈ సంగతి తెలిసింది. కెన్‌సాకు చెల్లెలు మసాయో. పెళ్ళి చేసుకుని కవాసాకిలో ఉంటుంది, గలగలా మాట్లాడుతుంది, కోపమొచ్చినా, ఆకలేసినా ముందు కేకలే. మర్నాడే రైలెక్కి వచ్చింది.

"ఏంటి నాన్నా, నాకు తెలియకుండా ఈ వయసులో నాకు అక్కని కన్నావా?"

"అరవకు. మాస్టారు లెక్క వేసిచ్చాడు, చూసుకో."

ఆమె చూసుకుంది. ఒంటరిగా అంతా తీసుకుని పన్ను కట్టడం కంటే, సగం తీసుకుంటేనే చేతికి మిగిలేదీ, తలనొప్పి తగ్గేదీ ఎక్కువని తేలింది. దాంతో గొంతు సగం దిగింది గానీ నోరు ఊరుకోలేదు. "బాగుంది వదినా, నువ్వు రాయితీ కూతురివి, నేను అసలు కూతుర్ని" అంది. అని పకపకా నవ్వింది. మసాయో మనసులో విషం లేదు, నాలుక మీద ఉన్నదే ఉంది. కానీ ఆ రెండు ముక్కలు సుమియె మనసులో ముల్లులా దిగబడ్డాయి. రాయితీ కూతురు. కలుపు తీస్తున్నా అదే, స్నానం చేస్తున్నా అదే.

అజుమా ఇంకో ఉపాయం కూడా చెప్పాడు. ఏడాదికి మనిషికి పదకొండు లక్షల యెన్‌ల దాకా బతికుండగా ఇచ్చేస్తే దాని మీద పన్ను పడదు. చనిపోయే ముందు మూడేళ్ళలో ఇచ్చింది మాత్రం మళ్ళీ లెక్కలోకి వస్తుంది. అంచేత ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. "ఏటా ఇద్దరికీ ఇవ్వండి. బ్యాంకు ద్వారా పంపండి. ఇచ్చింది వాళ్ళ చేతుల్లోకి వెళ్ళాలి, వాళ్ళ ముద్రతో వాళ్ళ ఖాతాలో పడాలి. వాళ్ళు ఖర్చుపెట్టుకుంటే మరీ మంచిది" అన్నాడు.

"పిల్లలకిచ్చేది బ్యాంకు ద్వారా పంపడం ఏంటయ్యా? చేతికిస్తాను" అన్నాడు తొకుజో. ఆ 'పిల్లలు' అన్నమాట సుమియె చెవిన పడలేదు. పడినా అది మసాయోని ఉద్దేశించి అన్నదే అనుకుని వదిలేసేది.

అప్పణ్ణుంచి ప్రతి కొత్త సంవత్సరం నాడూ ఆ ఇంట్లో అదే వరస. పొద్దున మోచీ అనే బియ్యపు ముద్దలు వేసిన చారు తాగేవాళ్ళు. మసాయో మధ్యాహ్నానికి వచ్చేది. తొకుజో పోయిన పెద్దల్ని కొలిచే అల్మరా ముందు దీపం వెలిగించి, అగరొత్తి గుచ్చి, మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ఎదురుగా ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఎరుపూ తెలుపూ దారం చుట్టిన తెల్ల కవర్లు రెండు, ఒకే మందంవి, ముందుకి జరిపేవాడు.

మసాయో కవరు తీసుకుని నుదుటికి తాకించేది. "సంతోషం నాన్నా. ఈసారి ఫ్రిజ్ మార్చెయ్యాలి, తలుపు పడటం లేదు" అని చేతిసంచీలో పడేసుకునేది. ఒక ఏడు ఫ్రిజ్, ఒక ఏడు పంటికి తొడుగు, ఇంకో ఏడు మొగుడితో ఓకినావా ప్రయాణం.

సుమియె కవరు రెండు చేతులా అందుకుని, తలమీదికెత్తి, వంగి, మళ్ళీ ఆయన మోకాళ్ళ ముందు పెట్టేది. "మీ దగ్గరే ఉంచండి మామయ్యగారూ."

"నీదే ఇది. తీసుకో."

"మీ దగ్గరుంటేనే భద్రం."

"తీసుకోవమ్మా."

"అయ్యో, వద్దండీ, నాకెందుకంత."

అక్కడ ఏది ఇచ్చినా మొదటిసారీ రెండోసారీ వద్దనడం, మూడోసారి పుచ్చుకోవడం మర్యాద. చంటిపిల్లలకి కూడా తెలుసు. సుమియె మూడోసారీ పుచ్చుకోదు, నాలుగోసారీ పుచ్చుకోదు. కోడలన్నది మామగారి దగ్గర డబ్బు పుచ్చుకుని దాచుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారన్న మొహమాటం కొంత. మిగిలింది పంతం. పన్ను తప్పించుకోవడానికి ఇస్తున్న డబ్బు చేతిలో పడితే మసాయో పెట్టిన 'రాయితీ కూతురు' పేరు నిజంగానే తనదైపోతుందని ఆమె భయం. పైకి మాత్రం వినయంగా కనపడేది. చూసేవాళ్ళు ఎంత మంచి కోడలో అనుకునేవాళ్ళు.

తొకుజో కవరు వెనక్కి తీసుకుని కాసేపు చేతిలో పట్టుకుని, పండగ సెలవులు కాగానే సహకార సంఘం బ్యాంకులో సుమియె పేరుమీదే వేసి వచ్చేవాడు. ఇంటి ముద్ర కొట్టి, పాసు పుస్తకం ఇనప్పెట్టెలో పెట్టేవాడు. అజుమా ఏటా "ఇచ్చారా?" అని అడిగేవాడు. "ఇద్దరికీ ఇచ్చాను" అనేవాడు ఆయన. అది అబద్ధం కాదు కదా. సుమియె పేరున జమ కనిపిస్తూనే ఉంది కాబట్టి అజుమా కూడా అంతకు మించి ఆరా తీయలేదు.

తొంభై దాటాక తొకుజో మంచం పట్టాడు. సుమియె తెల్లవారుతూనే పొలానికి, ఎండెక్కాక ఇంటికి, మళ్ళీ పొలానికి. ఆయనకి స్నానం చేయించేది, గోళ్ళు తీసేది, గంజి చల్లార్చి పట్టేది. గంజి పలచగా ఉందని విసుక్కునేవాడు, చిక్కగా ఉందని విసుక్కునేవాడు. ఆమె కూడా ఊరుకునేది కాదు. "మీరు కాస్త నోరు మూసుకుని తింటే రుచి తెలుస్తుంది" అనేది. మసాయో ఫోను చేస్తే, "ఇది నన్ను తిడుతోంది" అని ఆయన ఫిర్యాదు. మసాయో అవతల పడీ పడీ నవ్వేది.

ఆఖరి కొత్త సంవత్సరానికి ఆయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. మసాయో తన కవరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. సుమియె ఎప్పటిలాగే వంగి, కవరు వెనక్కి జరిపింది. ఆయన దాన్ని తీసుకోలేదు. మళ్ళీ ముందుకి తోశాడు.

"ఈసారైనా తీసుకో."

"ఉంచండి మామయ్యగారూ."

మసాయో ఉన్న వంటింటి వైపు ఓసారి చూసి, "ఇద్దరూ ఇద్దరే. మొండిఘటాలు" అన్నాడు ఆయన. కళ్ళు మూసుకున్నాడు.

తిట్టాడని సుమియెకి చిన్నబుచ్చుకున్నట్టైంది. కవరు తనే తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టింది. ఆ ఫిబ్రవరిలో, మంచు పడిన మర్నాడు, ఆయన పోయాడు. శవయాత్రలో ఆమె ఏడవలేదు. కలుపు తీస్తూ పొలం మధ్యకి వచ్చి, ఎదురుగా ఎవరూ లేకపోతే, అక్కడ కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత పది నెలలూ అజుమావే. ఇంటి ముందరి జాగా అమ్మి మసాయో తన పన్ను కట్టింది, మిగిలింది పుచ్చుకుంది. అక్కడ ఇప్పుడు ఒకే అచ్చులో పోసినట్టు నాలుగిళ్ళు లేచాయి. పొలమూ పాత ఇల్లూ సుమియెకి వచ్చాయి, పన్ను వాయిదా పడింది. బతికున్నంతకాలం సాగు చేస్తానని ఆమె రాసిచ్చింది. నడుం నొప్పి ఉన్న మనిషికి ఇది వరమో శిక్షో అజుమా కూడా చెప్పలేకపోయాడు. బ్యాంకులో ఆమె పేరున ఉన్న డబ్బుని ఆమెదిగానే లెక్కేశాడు, ఆఖరి మూడేళ్ళది తప్ప. అంతా సజావుగా ముగిసిందనుకుని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

రెండో శరదృతువులో ఫోను వచ్చింది, పన్నుల ఆఫీసు నుంచి. వారసత్వపు లెక్కలు ఒకసారి ఇంటికొచ్చి చూసుకుంటామన్నారు. "ఇది మామూలే. కంగారు పడకండి. అడిగినదానికి జవాబు చెప్పండి, అడగంది చెప్పకండి" అన్నాడు అజుమా. ఆయన గొంతులో మాత్రం కంగారు ఉంది. "దత్తత మీద కాస్త గుచ్చి గుచ్చి అడగొచ్చు. పన్ను కోసమే కట్టిన బంధం అని వాళ్ళకి అనిపించిందా, మిమ్మల్ని లెక్కలోంచి తీసేస్తారు."

సుమియెకి రెండు రోజులు అన్నం సయించలేదు. తీసేస్తారంటే పొలం గురించి ఆమె భయపడలేదు. ఆయన కూతురు కాదని సర్కారు ముద్ర వేసి మరీ చెప్తుంది, అదే ఆమె భయం. ఇంతకాలం తనలో తాను అనుకుంటున్నదే పైకి ఒకరు చదివి వినిపిస్తే తట్టుకోగలనా అనుకుంది.

పొద్దున పదింటికి వచ్చారు ఇద్దరు. పెద్దాయన పేరు కంబే, వెంట ఒక అమ్మాయి. మసాయో కూడా వారసురాలు కాబట్టి వచ్చి కూర్చుంది. అజుమా ఒక పక్క. కంబే టీ తాగాడు, ముల్లంగి బాగుందన్నాడు. "తొకుజో గారికి సరదాలేమైనా ఉండేవా?" అని అడిగాడు. పొలం తప్ప ఇంకేం లేవంది సుమియె. జబ్బు ఎప్పుడు ముదిరింది, ఎప్పటిదాకా తనే నడిచి బ్యాంకుకి వెళ్ళేవాడు, ఆపైన ఎవరు వెళ్ళేవారు అని ఒక్కొక్కటే కబుర్లలా అడిగాడు. ఎంత మర్యాదగా ఉన్నాడంటే, పక్కింటి పెద్దమనిషి పరామర్శకి వచ్చాడనుకోవాలి. వెంట వచ్చిన అమ్మాయి అన్నీ రాసుకుంటోంది.

తర్వాత ఇనప్పెట్టె తెరిపించారు. ఇంటి ముద్ర తీసి, సిరా అద్దకుండా తెల్లకాగితం మీద గట్టిగా నొక్కారు, ఈమధ్య ఎవరైనా వాడారేమో చూడటానికి. లీలగా కూడా అచ్చు పడలేదు. సుమియె పేరుతో ఉన్న పాసు పుస్తకం బయటికి తీశారు.

"ఇది మీ ఖాతా?"

"నా పేరునే ఉందండి."

"దీని మీదున్నది ఈ ఇంటి ముద్ర. మీ సొంత ముద్ర ఎక్కడుంటుంది?"

సుమియె వంటింటి సొరుగులోంచి, రబ్బరు బ్యాండ్ల మధ్యనుంచి తన ముద్ర తెచ్చి ఇచ్చింది. పార్సెల్ వస్తే కొట్టే ముద్ర. కంబే రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈ డబ్బు మీ చేతికి ఎప్పుడు వచ్చింది?"

"కొత్త సంవత్సరం నాడు ఇచ్చేవారు. వెంటనే తిరిగి ఇచ్చేసేదాన్ని."

అజుమా గొంతు సవరించుకున్నాడు. "అంటే, తనదే అని పుచ్చుకుని, భద్రంగా ఉంచమని ఆయన దగ్గర పెట్టేవారు. అంతే కదా సుమియె గారూ? అంతేనని చెప్పండి."

ఆ ప్రశ్నలో ఎంత ఉందో ఆ గదిలో అందరికీ తెలుసు. అంతే అంటే ఆ డబ్బు ఆమెకి చెల్లిన కానుక. కాదంటే అది ఎప్పుడూ ఆమె చేతికి రానట్టే, ముసలాయన ఆస్తే, దాని మీద పన్ను, పైన జరిమానా. మసాయో మోచేత్తో పొడిచింది. "అంతే అనెయ్ వదినా. నేనూ చూశాగా."

"మీకు కూడా ఇచ్చేవారా?" అని కంబే మసాయోని అడిగాడు.

"ఇవ్వకేం? ఇద్దరికీ సమానంగా."

"మీరేం చేసేవారు?"

"చేసేదేముంది? బ్యాగులో పడేసుకునేదాన్ని. నాన్న ఇస్తే ఎవరైనా వద్దంటారా?"

మసాయో అది ఎవర్నీ దెప్పాలని అనలేదు. కానీ సుమియెకి చెంప మీద కొట్టినట్టైంది. కంబే ఆమె వైపు తిరిగి, మర్యాద తగ్గకుండానే అడిగాడు. "మరి మీరెందుకు తిరిగి ఇచ్చేసేవారు?"

"కోడల్ని కదండీ..."

ఆయన దరఖాస్తు నకలు చూసుకున్నాడు. "అప్పటికి మీరు కూతురే కదండీ."

 సుమియె వేళ్ళతో చాప అంచు పట్టుకుంది. అజుమా ఇంకోసారి, "భద్రం కోసమే కదండీ" అన్నాడు. ఈసారి బతిమాలుతున్నట్టే ఉంది గొంతు.

"కాదు మాస్టారూ" అంది సుమియె. "ఒక్క ఏడు కూడా అది నాదనుకోలేదు. పన్ను కోసం ఇస్తున్నారనుకుని వద్దన్నాను. తీసుకోమని ఆయన అడిగారు, నేను తీసుకోలేదు."

అజుమా పెన్ను మూత పెట్టేశాడు. మసాయో, "పిచ్చిదానా" అంది, గొంతు తగ్గించి.

మధ్యాహ్నం దాటాక కంబే సుమియె వాంగ్మూలాన్ని తన మాటల్లో రాశాడు. దత్తత సంగతి ఆయన రెండు ప్రశ్నలతో ముగించేశాడు, ఆయనకి అందులో ఏ అనుమానమూ కనిపించలేదు. పొలంలో ఎన్నేళ్ళు, మంచాన ఉంటే చూసిందెవరు, అంతే అడిగాడు. రాసింది ముద్ర కొట్టే ముందు చదివి వినిపించాలి. సర్కారువారి కుటుంబ రిజిస్టరులో వరసలు ఎలా ఉన్నాయో అలాగే రాశాడాయన, వేరేగా రాయడం ఆయనకి తెలియదు. చదివాడు.

"'నా తండ్రి కురిహారా తొకుజో ప్రతి కొత్త సంవత్సరం నాడూ నాకూ, నా చెల్లెలు మసాయోకూ డబ్బు సమానంగా ఇచ్చేవారు. చెల్లెలు పుచ్చుకుంది. తండ్రి పుచ్చుకోమని అడిగినా నేను ఏ ఏడాదీ పుచ్చుకోలేదు.' ఇందులో మార్చాల్సిందేమైనా ఉందా అండీ?"

"ఉంది" అన్నాడు అజుమా, ముందుకి వంగి. "ఆ పుచ్చుకోలేదు అన్నచోట..."

"ఏం మార్చొద్దు" అంది సుమియె.

కళ్ళనీళ్ళు జారుతున్నాయి, తుడుచుకోలేదు. రాయితీ కూతురన్న మాటకి ఏళ్ళ తరబడి కుళ్ళిపోయింది. ఆ కుళ్ళులో పడి, ఎదురుగా కూర్చున్న మనిషిని చూడలేదు. మసాయో వైపు తిరిగింది.

"ఇచ్చాడే మసాయో. నీకు ఎలా ఇచ్చాడో నాకూ అలాగే ఇచ్చాడు. ఏటా అడిగాడు. నేనే తీసుకోలేదే."

 మసాయో ముక్కు ఎగబీల్చి, చేతిరుమాలు తీసి వదిన ఒళ్ళో పడేసింది.

"ఒక్కసారి ఆలోచించుకోండి. దీని మీద ముద్ర కొట్టారంటే ఆ డబ్బు మీది కాదు" అన్నాడు అజుమా, ఆఖరి ప్రయత్నంగా.

"రాసింది నిజమే కదా మాస్టారూ" అంది సుమియె. పార్సెళ్ళకి కొట్టే తన ముద్రనే సిరాలో అద్ది, 'కుమార్తె' అని ఉన్న చోట తన పేరు పక్కన నిదానంగా నొక్కింది. డబ్బంతా తిరిగి తొకుజో ఆస్తిలో కలిసిపోయింది.